గజల్‌తో మొదలై గద్యంలో నిలిచిన కలం: మౌలానా ఆజాద్ తొలి అడుగులు

మౌలానా అబుల్ కలాం ఆజాద్ అంటే చాలామందికి గుర్తొచ్చేది దేశ తొలి విద్యాశాఖ మంత్రి. నవంబర్ 11న జాతీయ విద్యా దినోత్సవం వస్తుంది, బడుల్లో ఆయన ఫొటోకు పూలదండ వేస్తారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆయన పేరుతో జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉంది. అయితే మంత్రి కాకముందు, నాయకుడు కాకముందు, జైలుకు వెళ్లకముందు ఆయన ఒక కుర్రాడు. గజల్ రాసి పోస్టులో వేసి, అచ్చయిందో లేదోనని ఎదురుచూసిన కుర్రాడు. పన్నెండేళ్లు నిండీ నిండకుండానే పత్రిక పెట్టి, నెలల్లోనే అది మూతపడితే ఇంకోటి మొదలుపెట్టిన కుర్రాడు. ఈ కథ ఆ కుర్రాడిది.

పీర్ గారి ఇల్లు

ఆజాద్ 1888లో మక్కాలో పుట్టారు. ఇంట్లో పెట్టిన పేరు మొహియుద్దీన్ అహ్మద్. ఇంకో పేరు ఫిరోజ్ బఖ్త్. ఆ పేరులోని అక్షరాలకు అబ్జద్ లెక్కన విలువలు కట్టి కూడితే 1305 వస్తుంది. అది ఆయన పుట్టిన హిజ్రీ సంవత్సరం. పేరులోనే పుట్టిన ఏడాదిని దాచే ఈ అలవాటు ఆనాటి పండిత కుటుంబాల్లో మామూలే.

తండ్రి మౌలానా ఖైరుద్దీన్ పేరున్న ఆలిమ్, సూఫీ పీర్. తల్లి ఆలియా మదీనాకు చెందిన పండిత కుటుంబపు అరబ్ మహిళ. జిద్దాలో తండ్రికి కాలి ఎముక విరిగింది. కలకత్తాలో మంచి వైద్యులున్నారని మురీదులు చెప్పడంతో కుటుంబమంతా అక్కడికి వచ్చింది. కొన్నాళ్లుండి వెళ్లిపోదామనే అనుకున్నారు గానీ మురీదులు వదల్లేదు. ఆజాద్ చిన్నతనంలోనే తల్లి చనిపోయింది. ఆమెను కలకత్తాలోనే ఖననం చేశారు.

తండ్రి పిల్లల్ని బడికి గానీ మదర్సాకు గానీ పంపలేదు. ఇంగ్లీషు చదువంటే ఆయనకు నమ్మకం లేదు. మొదట తానే చెప్పారు, తర్వాత ఒక్కో విషయానికి ఒక్కో ఉస్తాద్‌ను ఇంటికి పిలిపించారు. ఫార్సీ, అరబ్బీ, ఫిఖ్హ్, తర్కం, గణితం అన్నీ నాలుగు గోడల మధ్యే. మామూలు విద్యార్థులు ఇరవై దాటాక ముగించే దర్సె నిజామీ పాఠ్యక్రమం ఆజాద్‌కు పదహారేళ్లలోపే అయిపోయింది.

ఆ ఇంట్లో పీర్ గారి చిన్నబ్బాయి అంటే మామూలు పిల్లాడు కాదు. గడ్డాలు నెరిసిన పెద్దలు కూడా వచ్చి చేతులు ముద్దుపెట్టుకునేవారు, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడేవారు. చదివినా చదవకపోయినా ఆ గౌరవం దక్కుతుంది. పెద్దయ్యాక తండ్రి గద్దె మీద కూర్చుంటే చాలు, జీవితాంతం లోటుండదు. ఆజాద్‌కు ఊపిరాడనట్టు అనిపించింది సరిగ్గా అక్కడే. తాను సంపాదించుకోని గౌరవం ఆయనకు ఇబ్బందిగా ఉండేది.

పిల్లాడి ఆటలు కూడా వేరుగా ఉండేవని పెద్దక్క ఫాతిమా బేగం తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నారు. ఇంట్లోని పెట్టెల్ని వరసగా పేర్చి రైలు అనేవాడట. తండ్రి తలపాగా చుట్టుకుని ఆ రైలు దిగేవాడట. మౌలానా గారు వస్తున్నారు, దారివ్వండని అక్కలు కేకలు వేయాలి. ఎత్తయిన చోట ఎక్కి ఉపన్యాసం చెబితే వాళ్లు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టాలి.

అలిఫ్‌తో మొదలయ్యే పేరు

పదకొండో ఏట షాయరీ పిచ్చి పట్టుకుంది. అబ్దుల్ వాహిద్ ఖాన్ సహస్రామీ అనే సాహిత్యాభిమాని ఆ రుచి చూపించారు. ఆ రోజుల్లో ఉర్దూలో గుల్దస్తా అనే చిన్న పత్రికలు వచ్చేవి. వాటిలో ఉండేవి గజళ్లే. ముందుగా ఒక మిస్రా ఇస్తారు. అదే ఛందస్సులో, అదే ప్రాసలో ఎవరికి తోచిన గజల్ వాళ్లు రాసి పంపుతారు. వచ్చినవాటిని కవుల కలంపేర్ల అక్షరక్రమంలో అచ్చువేస్తారు.

ఆజాద్ అనే తఖల్లుస్ అక్కడి నుంచే వచ్చింది. అలిఫ్‌తో మొదలయ్యే పేరుంటే గుల్దస్తాలో గజల్ ముందు పేజీల్లో వస్తుందని అబ్దుల్ వాహిద్ ఖాన్ సలహా ఇచ్చారు. అంతే, పేరు స్థిరపడింది. స్వేచ్ఛ, స్వాతంత్ర్యం లాంటి పెద్ద ఆలోచన అప్పటికి ఏమీ లేదు. తన పేరు పైన కనబడాలన్న పిల్లాడి సరదా, అంతవరకే. అన్న గులాం యాసీన్ పేరు ఆహ్, అక్క ఫాతిమా పేరు ఆర్జూ, ఇంకో అక్క హనీఫా పేరు ఆబ్రూ. ఆజాద్‌తో కలిపి నలుగురివీ అలిఫ్‌తో మొదలయ్యే పేర్లే.

మొదటి గజల్ బొంబాయి నుంచి వచ్చే అర్ముగానె ఫర్రుఖ్ అనే గుల్దస్తాలో అచ్చయింది. ఆ తర్వాత ఇస్లాహ్ కోసం, అంటే దిద్దించుకోవడం కోసం, పెద్ద కవి అమీర్ మీనాయీకి గజళ్లు పంపడం మొదలుపెట్టాడు. 1900లో అమీర్ మీనాయీ హైదరాబాద్ వచ్చారు, వచ్చిన కొద్దిరోజులకే ఇక్కడ కన్నుమూశారు. నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఆయన సమాధి ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత ఆజాద్ గజళ్లు షౌక్ నీమ్వీ చేతికి వెళ్లాయి.

అంత చిన్నవాడు ఇలాంటి గజళ్లు రాస్తున్నాడంటే కలకత్తాలో కొందరు నమ్మలేదు. ఎవరో రాసిస్తే తన పేరు పెట్టుకుంటున్నాడని అనుమానం. ఒక పెద్ద వయసు కవి దారిలో పట్టుకుని అక్కడికక్కడే ఒక మిస్రా ఇచ్చి షేర్లు చెప్పమన్నారు. కుర్రాడు నిలబడిన చోటే చెప్పాడు. ఆయన నోరెత్తలేదు.

పన్నెండేళ్ల సంపాదకుడు

గజళ్లు పంపితే సరిపోలేదు, తానే ఒక గుల్దస్తా పెట్టాలనిపించింది. అలా నైరంగె ఆలం వచ్చింది. సుమారు ఎనిమిది నెలలు నడిచి ఆగిపోయింది. 1901లో అల్ మిస్బాహ్ అనే వారపత్రిక. అది మూణ్నాలుగు నెలలు కూడా సరిగ్గా నడవలేదు. పత్రికలు మూతపడ్డాయి గానీ, నైరంగె ఆలంలో ఉన్నది గజళ్లు కాగా అల్ మిస్బాహ్‌లో ఉన్నది వ్యాసాలు. ఒక్క ఏడాదిలో కుర్రాడి మనసు షాయరీ నుంచి వచనం వైపు జరిగిపోయింది.

గుల్దస్తా చదివేది ఎక్కువగా దానికి రాసేవాళ్లే. ఇచ్చిన మిస్రా, ఇచ్చిన ప్రాస, అదే విరహం, అదే సాఖీ. కుర్రాడి బుర్రలో మాత్రం అప్పటికి వేరే లోకం తిరుగుతోంది. కైరో నుంచి, ఇస్తాంబుల్ నుంచి వచ్చే పత్రికలు చేతికందేవి. అరబ్బీ తల్లిభాష కాబట్టి చదవడం కష్టం కాలేదు. ప్రపంచంలో ఏం జరుగుతోందో, సైన్సు ఏం కనిపెట్టిందో, ముస్లిం దేశాలు ఎందుకు వెనకబడ్డాయో ఆ పేజీల్లో ఉంది. దాన్ని రెండు పంక్తుల షేర్‌లో పెట్టడం కుదరదు.

1902 మే నెలలో లాహోర్ మఖ్జన్ పత్రికలో పత్రికా రచన అనే కళ మీద ఆయన వ్యాసం వచ్చింది. అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. మఖ్జన్ ఆ రోజుల్లో ఉర్దూలో పేరున్న మాసపత్రిక, ఇక్బాల్ కవితలు అచ్చయ్యే చోటు. లక్నో నుంచి వచ్చే ఖదంగె నజర్‌లో ఎక్స్‌రే కిరణాల మీద రాశాడు. రోంట్‌జెన్ ఆ కిరణాలను కనిపెట్టింది 1895లో. పదేళ్లు తిరక్కముందే ఇంగ్లీషు బడి ముఖం చూడని ఒక మౌల్వీ కుర్రాడు వాటి గురించి ఉర్దూ పాఠకులకు విడమరచి చెప్పాడు. ఫార్సీ కవి ఖాఖానీ మీద ఒక వ్యాసం, సంస్కరణ మీద ఇంకోటి. ఏది చదివితే దాని మీద రాయడం, రాయాలంటే ఇంకా చదవడం. ఆయనకు ఇదే కాలేజీ అయింది.

లిసానుస్ సిద్ఖ్

1903 నవంబర్‌లో లిసానుస్ సిద్ఖ్ వచ్చింది. ఇది ఆటగా పెట్టింది కాదు. సమాజ సంస్కరణ, ఉర్దూ అభివృద్ధి, బెంగాల్‌లో సాహిత్యాభిరుచి పెంచడం, కొత్త పుస్తకాల మీద నిష్పక్షపాతమైన విమర్శ. ఈ నాలుగూ లక్ష్యాలని మొదటే చెప్పుకుంది. పెళ్లిళ్లలో దండగ ఖర్చు, అర్థంలేని ఆచారాలు లాంటి విషయాలు అందులో చర్చకు వచ్చాయి. అంజుమన్ తరఖ్ఖీయె ఉర్దూ పుట్టిన ఏడాది కూడా అదే. దాని మొదటి కార్యదర్శి షిబ్లీ నోమానీ అప్పట్లో హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నారు. కలకత్తా కుర్రాడికీ హైదరాబాద్‌లోని పండితుడికీ మధ్య ఉత్తరాలు నడిచాయి.

పత్రిక చదివినవాళ్లంతా సంపాదకుడు నలభై, యాభై ఏళ్ల పెద్దమనిషి అనుకున్నారు. 1904లో లాహోర్ అంజుమన్ హిమాయతె ఇస్లాం సభలకు ఆయన్ని ప్రసంగించమని పిలిచారు. వచ్చినవాడికి పదిహేనేళ్లు. గడ్డం కూడా సరిగ్గా రాలేదు. ఆ సభల్లో కలిసిన హాలీ లాంటి పెద్దలు ఆశ్చర్యపోయారు. బొంబాయిలో షిబ్లీ సంగతీ అంతే. చాలాసేపు మాట్లాడాక కూడా ఎదురుగా ఉన్నది అబుల్ కలాం గారి కొడుకై ఉంటాడనే అనుకున్నారు. విషయం తెలిశాక ఆ కుర్రాడిని వదల్లేదు. తాను నడిపే అన్నద్వా పత్రిక పనిలోకి లక్నోకు రప్పించుకున్నారు.

1905 అక్టోబర్ నుంచి 1906 మార్చి వరకు ఆజాద్ అక్కడ పనిచేశారు. తర్వాత అమృత్‌సర్‌లో వకీల్ పత్రిక. పెద్దల దగ్గర, పెద్ద పత్రికల్లో నేర్చుకున్నదంతా ఈ రెండుచోట్లే.

ఇంట్లో చెప్పుకోలేని మథనం

బయట పేరు వస్తుంటే లోపల వేరే యుద్ధం నడుస్తోంది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ రచనలు చేతికి వచ్చాయి. ఖైరుద్దీన్ గారి ఇంట్లో సర్ సయ్యద్ పేరు ఎత్తడమే తప్పు. ఆయన ఆలోచనలను తండ్రి తీవ్రంగా వ్యతిరేకించేవారు. కొడుకు మాత్రం ఆ పుస్తకాలను ఆకలిగొన్నవాడిలా చదివాడు. కొత్త శాస్త్రాలు, కొత్త తత్వశాస్త్రం తెలియకపోతే నిజమైన చదువు కాదని అనిపించింది.

ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నాడో చూడండి. మౌల్వీ ముహమ్మద్ యూసుఫ్ జాఫ్రీ అక్షరాలు నేర్పారు, ప్యారీచరణ్ సర్కార్ మొదటి వాచకం ఇచ్చారు. ఆ తర్వాత గురువు లేడు. ఇంగ్లీషు, ఫార్సీ, ఉర్దూ బైబిళ్లు మూడూ పక్కపక్కన పెట్టుకుని పోల్చి చదివాడు. డిక్షనరీ సాయంతో ఇంగ్లీషు పేపర్లు చదివాడు. త్వరలోనే చరిత్ర, తత్వశాస్త్రం పుస్తకాలు చదివే స్థాయికి వచ్చాడు.

చదువు పెరిగేకొద్దీ ప్రశ్నలు పెరిగాయి. మత శాఖలు ఇన్ని ఎందుకున్నాయి? అందరూ ఒకే సత్యం నుంచి వచ్చామంటే ఒకరినొకరు తప్పుపట్టడం ఎందుకు? పుట్టిన ఇంట్లో దొరికిందే నిజమని ఎలా నమ్మడం? కొన్నేళ్లు ఈ సందేహాల్లోనే నలిగారు. చివరికి విశ్వాసానికి తిరిగి వచ్చారు గానీ, అది వారసత్వంగా దొరికింది కాదు, వెతుక్కుని తెచ్చుకున్నది. ఆజాద్ అనే పేరుకు కొత్త అర్థం కూడా ఈ రోజుల్లోనే వచ్చింది. వారసత్వపు నమ్మకాలకు తాను కట్టుబడి లేనని చెప్పడానికే ఆ పేరు పెట్టుకున్నానని చివరి రోజుల్లో రాయించిన ఆత్మకథలో చెప్పుకున్నారు. గుల్దస్తా ముందు పేజీ కోసం పెట్టుకున్న పేరు అప్పటికి ఆయన బతుకు కథే అయిపోయింది.

1908లో తండ్రి చనిపోయారు. అన్న అంతకుముందే చిన్న వయసులో పోయాడు. మురీదుల చూపంతా ఆజాద్ మీదే. గద్దె ఖాళీగా ఉంది, కూర్చోవడమే తరువాయి. ఆయన కూర్చోలేదు. పీరీ మురీదీ తన దారి కాదని తేల్చేశారు. అప్పటికి చేతిలో ఉన్న ఆస్తి కలం ఒక్కటే. మూడు పత్రికలు పెట్టి మూసిన అనుభవం ఉంది. కలంతో ఇల్లు గడుస్తుందన్న భరోసా మాత్రం ఎక్కడా లేదు.

అల్ హిలాల్

ఇరాక్, ఈజిప్ట్, టర్కీ తిరిగి వచ్చాక ఆయన ఆలోచన రాజకీయాల వైపు మళ్లింది. అక్కడి యువ విప్లవకారులు భారత ముస్లింలు స్వాతంత్ర్య పోరాటానికి దూరంగా ఎందుకున్నారని ఆశ్చర్యపోయారు. దానికి జవాబుగా ఒక పత్రిక కావాలి.

1912 జూలై 13న కలకత్తాలో అల్ హిలాల్ వారపత్రిక మొదలైంది. అప్పటి ఉర్దూ పత్రికలు చాలావరకు లితో పద్ధతిలో వచ్చేవి, కాతిబ్ చేత్తో రాస్తే రాయి మీద నుంచి అచ్చయ్యేవి. అల్ హిలాల్ టైపులో, ఫొటోలతో వచ్చింది. చూడటానికి కైరో పత్రికలా ఉండేది. చదివితే ఉర్దూ వచనం అంతకుముందెప్పుడూ అలా ఉరమలేదనిపించేది. ఖుర్ఆన్ ఆయతులు, ఫార్సీ షేర్లు, యుద్ధవార్తలు, రాజకీయ విమర్శ అన్నీ ఒకే ప్రవాహంలో కలిసిపోయేవి. రెండేళ్లలో వారానికి 26 వేల ప్రతులకు చేరిందని ఆజాద్ రాశారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. 1910 ప్రెస్ చట్టం కింద మొదట 2 వేల రూపాయల జమానత్ కట్టమంది. కట్టారు. తర్వాత అది జప్తు చేసి 10 వేలు అడిగింది. 1914 నవంబర్‌లో అల్ హిలాల్ ఆగిపోయింది. ఏడాది తిరిగేసరికి అల్ బలాగ్ పేరుతో ఇంకో పత్రిక వచ్చింది. ఇక ప్రెస్ చట్టంతో లాభం లేదని 1916లో ఆయన్నే బెంగాల్ నుంచి పంపేశారు. చాలా రాష్ట్రాలు అప్పటికే రావద్దన్నాయి. మిగిలింది రాంచీ. అక్కడ 1919 చివరిదాకా నిర్బంధం.

ఖాళీగా కూర్చోలేదు. రాంచీ జామా మస్జిద్‌లో జుమా ప్రసంగాలు చేశారు, మదర్సా పెట్టించారు, తజ్కిరా రాశారు. ఖుర్ఆన్ అనువాద వ్యాఖ్యానం తర్జుమానుల్ ఖుర్ఆన్ పని సాగింది. పోలీసు సోదాల్లో రాతప్రతులు పాడయ్యాయి. మళ్లీ మొదటి నుంచి రాశారు. మొదటి సంపుటం 1931లో గానీ రాలేదు.

కోటలో మళ్లీ కవిత్వం

మరి కవిత్వం ఏమైంది? పదహారు, పదిహేడేళ్లకే ఆజాద్ దాన్ని దాదాపు వదిలేశారు. మిగిలిన గజళ్లు కొన్నే. ఆయన వచనం చదివినవాళ్లకు మాత్రం కవి ఎక్కడికీ పోలేదని తెలుస్తుంది. గజల్ కవిగా పేరున్న హస్రత్ మోహానీ తన షేర్ ఒకదానిలో అబుల్ కలాం వచనం చూశాక తన కవిత్వమే చప్పగా అనిపిస్తోందని ఒప్పుకున్నారు.

1942 ఆగస్టు 9న క్విట్ ఇండియా తీర్మానం తర్వాత కాంగ్రెస్ అగ్రనాయకుల్లో చాలామందిని అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. ఆజాద్ అప్పటికి కాంగ్రెస్ అధ్యక్షుడు. నెహ్రూ, పటేల్‌తో పాటు మచిలీపట్నం నుంచి ఎదిగిన మన పట్టాభి సీతారామయ్య కూడా అక్కడే ఉన్నారు. తెల్లవారుజామున లేచి, తన టీ తానే చేసుకుని, ఆజాద్ మిత్రుడు హబీబుర్ రహ్మాన్ ఖాన్ షేర్వానీకి ఉత్తరాలు రాసేవారు. షేర్వానీ అంటే హైదరాబాద్‌కు పరాయివారు కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదటి వైస్ చాన్సలర్ ఆయనే, సదర్ యార్ జంగ్ అన్నది నిజాం ఇచ్చిన బిరుదు. ఆ ఉత్తరాలు చేరవని తెలుసు. అయినా రాశారు. టీ గురించి, గదిలో గూడు కట్టిన పిచ్చుకల గురించి, సంగీతం గురించి, దేవుడి గురించి. వాటి నిండా వందలకొద్దీ షేర్లు. చిన్ననాడు వదిలేసిన కవిత్వం వచనంలో వచ్చి కూర్చుంది.

1943 ఏప్రిల్‌లో భార్య జులైఖా బేగం కలకత్తాలో జబ్బుతో ఉన్నారు. ప్రభుత్వాన్ని అడగదలిస్తే విన్నపం పంపుతానని జైలు అధికారి చెప్పారు. ఆజాద్ అడగలేదు. ఏప్రిల్ 9న ఆమె కన్నుమూశారు. కొన్ని నెలలకే అక్క ఆబ్రూ బేగం కూడా పోయారు. గుబారె ఖాతిర్ పేరుతో ఆ ఉత్తరాలు 1946లో పుస్తకంగా వచ్చాయి. భార్య పోయిన తర్వాతి ఉత్తరం చదివినవాళ్లు దాన్ని మరచిపోలేరు.

1958 ఫిబ్రవరి 22న మౌలానా ఆజాద్ కన్నుమూశారు. ఢిల్లీ జామా మస్జిద్ ఎదుట ఆయన సమాధి ఉంది. ఎనిమిది నెలల నైరంగె ఆలం, మూణ్నాలుగు నెలల అల్ మిస్బాహ్ పాత ప్రతులు ఇప్పుడు దొరకడమే గగనం. ఆ రెండూ మూతపడ్డప్పుడు పదమూడేళ్ల కుర్రాడు కలం కింద పెట్టి ఉంటే, ఎవరూ ఏమీ అనేవారు కాదు. పీర్ గారి గద్దె ఎలాగూ ఉంది. అతను మూడో పత్రిక పెట్టాడు.